ఈ గీత ఎక్కడ పడాలి, పిన్నీ?

"దాని వేషాలు నువ్వైనా మాన్పించవే" అని అక్క ఫోన్ చేసేనాటికి కాస్‌ప్లే అన్న మాట నేను విని ఉండలేదు. గేముల్లో, సినిమాల్లో ఉండే పాత్రల్లా వేషం తయారుచేసుకుని వేసుకోవడాన్ని అలా అంటారు. అక్క కూతురు చదువు కోసం మా ఇంట్లో ఉండబట్టి అప్పటికి నాలుగు నెలలు. పదిహేడేళ్ళ పిల్ల. ఇంట్లో అందరికీ బుజ్జి. మాట తక్కువ. తిన్నావా అంటే తిన్నాను, చదివావా అంటే చదివాను, అంతే. గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంటే మళ్ళీ పిలిస్తేనే బయటికి వచ్చేది. వయసొచ్చిన పిల్ల, దాని గది దానిది అనుకుని నేనూ తొంగిచూసేదాన్ని కాదు.

అక్క ఫోన్ పెట్టేశాక వెళ్ళి చూశాను. బల్ల మీద మనిషి తలంత థర్మాకోల్ బుర్ర, దానికి బూడిద రంగు విగ్గు. గోడకి ఆనించి నల్లటి ఫోమ్ షీట్లు. మంచం కింద అట్టపెట్టె నిండా కత్తిరించిన ముక్కలు, ఒక్కోదాని మీద తెల్ల పెన్సిల్‌తో "కుడి భుజం 3", "ఎడమ మోచేయి 1" అని రాసి ఉంది. నాకు భయమేసింది. ఆ బుర్ర కంటే ఆ రాతలే ఎక్కువ కలవరపెట్టాయి. పిల్ల ఎన్నాళ్ళుగానో ఏదో పెద్ద పని చేస్తోంది, అదే ఇంట్లో ఉండి నాకు తెలియలేదు.

నేను తెలుగు టీచర్ని. మాటల దగ్గర కాస్త ఆగుతాను. మన భాషలో వేషం వేరు, వేషాలు వేరు. ఏకవచనంలో ఉన్నంతసేపూ అది నటుల సొత్తు. బహువచనం చేయగానే తిట్టు అవుతుంది. "వేషాలెయ్యకు" అని ఎంతమంది పిల్లల్ని నేనే అని ఉంటానో లెక్కలేదు. అక్క బహువచనం వాడింది. ఆ రోజు సాయంత్రం బుజ్జి కాలేజీ నుంచి రాగానే నేనూ ఆ బహువచనంతోనే కూర్చున్నాను.

మొదట అడిగింది "ఎందుకమ్మా ఇదంతా?" అని. రెండోది "దీనివల్ల ఏం వస్తుంది?" అని. మూడోది ఇప్పుడు తలచుకున్నా బాధ కలిగే ప్రశ్న. "నువ్వు నువ్వుగా ఉంటే ఏమైంది?" అన్నాను. బుజ్జి మొదటి రెంటికీ ఏదో చెప్పబోయింది. మూడోది విన్నాక లేచి, విగ్గుని బుర్రతో సహా తీసి అలమరలో పెట్టి తాళం వేసింది. ఆ తరువాత వారం రోజులు నాతో మాట్లాడింది గానీ, ఈ విషయం మాత్రం ఎత్తలేదు.

ఆ వారంలో నేను చదువుకున్నాను. తెలియని విషయం ఎదురైతే పుస్తకాల వైపు వెళ్ళడం నా అలవాటు. కాస్‌ప్లే అంటే కాస్ట్యూమ్, ప్లే అన్న రెండు ఇంగ్లీషు మాటల్ని జపాన్‌వాళ్ళు కలిపి కుదించుకున్న మాట అట. 1980లలో నొబుయుకి తకహాషి అనే జపాన్ రచయిత దాన్ని వాడుకలోకి తెచ్చాడు. కానీ పని మాటకంటే పాతది. 1939లో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం జరిగినప్పుడు ఫారెస్ట్ ఆకర్‌మన్ అనే అభిమాని, అతని స్నేహితురాలు మర్టిల్ డగ్లస్ భవిష్యత్తు మనుషుల్లా దుస్తులు వేసుకుని వెళ్ళారు. మిగతావాళ్ళంతా మామూలు బట్టల్లో వచ్చారు. మరుసటి ఏడాది షికాగోలో జరిగిన రెండో సమావేశానికి వేషాలతో ఒక ప్రదర్శనే ఏర్పాటైంది. ఇప్పుడు జపాన్‌లోని నగోయాలో 2003 నుంచి ప్రపంచ కాస్‌ప్లే సమిట్ జరుగుతోంది, దేశదేశాల నుంచి జట్లు వస్తాయి.

ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని, ఆదివారం పొద్దున బుజ్జికి చెప్పాను. నా చదువు దానికి తెలియాలని కాదు, నేను ప్రయత్నిస్తున్నానని తెలియాలని. అది మొత్తం విని, "ఆ రెండు డ్రెస్సులూ కుట్టింది ఆవిడే పిన్నీ. మొరోజో అంటారు ఆవిణ్ణి. పేరు మాత్రం ఆయనకే ఎక్కువ వచ్చింది" అంది.

దానికి ఇవన్నీ తెలుసు. అంతకంటే, కుట్టింది ఎవరు అన్నది దానికి ముఖ్యం. నేను ఎవరు వేసుకున్నారు అన్నదాకానే చదివి ఆగాను.

అయినా అప్పటికీ నాకు ఇది అర్థమైందని చెప్పలేను. చరిత్ర తెలిసినంత మాత్రాన ఎదురుగా ఉన్న మనిషి తెలియదు. దారి దొరికింది ఇంకో పది రోజులకి, అదీ అనుకోకుండా. నేను వంటింట్లో ఉంటే వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "పిన్నీ, నా భుజానికి నేనే చుట్టుకోలేకపోతున్నా. కాస్త పట్టుకుంటావా?" అంది.

దేనికో అడగకుండా చేతులు తుడుచుకుని వెళ్ళాను.

పలచటి ప్లాస్టిక్ రేపర్‌ని దాని భుజం చుట్టూ, చంక కింద నుంచి మెడ దాకా చుట్టమంది. దాని మీద మాస్కింగ్ టేపు ముక్కలు ముక్కలుగా, ఒకదాని అంచు మీద ఇంకోటి వచ్చేలా అతికించమంది. భుజం మొత్తం పసుప్పచ్చ డొల్లలా తయారయ్యాక అద్దంలో చూసుకుంటూ మార్కర్‌తో గీతలు గీసింది. కవచం రేకులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఆ గీతలు. తరువాత కత్తెరతో జాగ్రత్తగా కోసి ఆ డొల్లని ఊడదీసి, బల్ల మీద చదునుగా పరిచాం. ఒంపు తిరిగిన భుజం కాగితంలా పరుచుకోవాలంటే ఎక్కడెక్కడ గాటు పెట్టాలో అప్పుడు తెలుస్తుంది. జాకెట్టు ఒంటికి ఒంపుగా అమరాలని మడత వేసి కుడతామే, ఆ డార్ట్ పెట్టడం లాంటిదే. ఆ మాట అన్నాను. బుజ్జి మొహం వెలిగింది. "నీకు డార్ట్స్ తెలుసా?" అంది. నాకు కుట్టు వచ్చని దానికి తెలియదు. దానికి ఇంత పనితనం ఉందని నాకు తెలియనట్టే.

ఆ రోజు నుంచి మూడు నెలలు, వారానికి రెండు మూడు సాయంత్రాలు నేను ఆ గదిలో కూర్చున్నాను. కూర్చోవడం అంటే పని చేయడమే.

ముందు ఆ పాత్ర ఎవరో చెప్పాలి. అదొక గేమ్‌లోది. నాయిక కాదు, నాయికకి స్నేహితురాలు కూడా కాదు. ఒక కోట ద్వారం కాచే సైనికురాలు. కథంతటిలో నాలుగైదుసార్లు కనిపిస్తుంది, మాటలు పది వాక్యాలకి మించవు. ద్వారం తెరవమని రాజు నుంచి దొంగ దాకా అందరూ అడుగుతారు. తెరవదు. చివర్లో ఒక్కసారి ఎవరూ అడగకముందే తెరుస్తుంది. ఇంతమంది మెరిసే రాణులూ వీరులూ ఉండగా ఈవిడే ఎందుకని అడిగాను, ఈసారి నిజంగా తెలుసుకోవాలని.

"ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పుకోదు పిన్నీ. ఎందుకు తెరవవు అని అందరూ అడుగుతారు. చెప్పదు. తన పని తను చేస్తుంది."

మూడు నెలల కిందట నేను వేసిన మూడు ప్రశ్నలు నాకు గుర్తొచ్చాయి. దానికి గుర్తొచ్చాయో లేదో తెలియదు. ఆ ఫోమ్ ముక్కని ఇసుక కాగితంతో రుద్దుతూనే ఉంది.

పని విషయానికి వస్తే, కవచానికి వాడేది ఈవీఏ ఫోమ్. యోగా మ్యాట్ లాంటి పదార్థమే, కాస్త గట్టిగా ఉంటుంది. ఛాతీకి, భుజాలకి 5 మిల్లీమీటర్లు, అంచుల్లో నగిషీకి 2 మిల్లీమీటర్లు, కత్తి మందంగా ఉండాల్సిన చోట 10 మిల్లీమీటర్లు వాడింది. బ్లేడు ఎప్పటికప్పుడు కొత్తది ఉండాలి, మొద్దుబారితే ఫోమ్ తెగదు, చిరుగుతుంది. రెండు ముక్కలు మూలలా కలవాలంటే అంచుల్ని ఏటవాలుగా కోయాలి. కోసినదాన్ని వేడి గాలి ఊదే హీట్ గన్‌తో వేడి చేస్తే పైపొర బిగిసి, అంతదాకా మసక మసకగా ఉన్నది సన్నగా మెరుపు తేలుతుంది. ఆ మెరుపు వచ్చిన క్షణాన తీసి మోకాలి మీద వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. వదిలితే మళ్ళీ చదునవుతుంది. పట్టుకోవడం నా పని. ఎన్ని సాయంత్రాలు ఒక భుజం రేకుని రెండు చేతుల మధ్య పట్టుకుని ఊరికే కూర్చున్నానో. ఆ కూర్చున్నప్పుడే మేం మాట్లాడుకున్నది. కాలేజీలో ఎవరితో కూర్చుంటుందో, ఎవరు పలకరించరో, అమ్మతో ఫోన్లో ఏం చెప్పలేకపోతోందో, అన్నీ ఆ చల్లారే రెండు మూడు నిమిషాల్లో కొంచెం కొంచెంగా బయటికి వచ్చాయి. చేతులు పనిలో ఉంటే పిల్లలు కళ్ళలోకి చూడకుండా మాట్లాడగలరు. క్లాసులో ఇన్నేళ్ళుగా పిల్లల్ని ఎదురుగా నిలబెట్టి అడుగుతూ వచ్చాను.

జిగురు గురించి ఒక మాట రాయాలి, ఇంట్లో చేయబోయేవాళ్ళకి పనికొస్తుంది. దీనికి వాడేది కాంటాక్ట్ సిమెంట్. అతికించాల్సిన రెండు వైపులా పూయాలి, వేలితో తాకితే అంటనంతగా ఆరనివ్వాలి, అప్పుడు కలపాలి. తడిగా ఉండగా కలిపితే పట్టదు. ఆరాక కలిపితే మాత్రం అంగుళం అటూ ఇటూ జరపడానికి వీల్లేదు. నేను ఒక మోచేతి ముక్కని తిరగేసి కలిపాను. లాగితే ఫోమే చిరిగింది. అది బుజ్జి రెండు సాయంత్రాల పని. నా గుండె జారిపోయింది. అది ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "పర్లేదు పిన్నీ, నమూనా ఉందిగా" అని కొత్త షీటు తీసింది. నమూనా కాగితాన్ని ఎందుకు దాస్తారో నాకు అప్పుడు తెలిసింది. దాని ఓర్పు కూడా.

ఆ జిగురు ఆవిర్లు మంచివి కావు. గుడ్డ మాస్కు వాటిని ఆపదు, ఆవిర్లకని ప్రత్యేకంగా ఫిల్టర్లున్న మాస్కు కావాలి, కిటికీలన్నీ తెరిచి ఉండాలి. తలుపు దగ్గరగా వేసుకుని నాలుగు నెలలుగా అది ఒంటరిగా ఈ పని చేసిందని తెలిసిన రోజు నేను కోప్పడ్డాను. దాని మీద కంటే నా మీద. పిల్ల తలుపు మూసుకోవాల్సి వచ్చింది మా వల్లేగా.

రంగు వేసిన రోజు దగ్గర కొంచెం ఆగాలి. నాకు ఈ హాబీ అర్థమైంది ఆ రోజే.

ఫోమ్ మీద తెల్ల జిగురు నీళ్ళలో కలిపి నాలుగైదు పూతలు పూశాం, రంగుని పీల్చేయకుండా. దాని మీద నల్ల రంగు. నలుపు మీద వెండి. అప్పటికి ఆ భుజం రేకులు నిజమైన ఇనుములా ఉన్నాయి, చేత్తో పట్టుకుంటే మాత్రం చపాతీ అంత తేలిక. ఇక పాతబరచాలి అంది బుజ్జి. కొత్త కవచంతో ఏ సైనికురాలూ ద్వారం కాయదు కదా. నల్ల రంగుని పలచగా కలిపి పూసి గుడ్డతో తుడిచేస్తే సందుల్లో మాత్రం మురికిలా మిగులుతుంది. ఆ తరువాత గీతలు. చిన్న కట్టర్‌తో గీసి, ఆ గాట్లలో వెండి రంగు నింపాలి.

నాకు ఎడమ చేతి కవచం ఇచ్చి గీతలు పెట్టమంది. నేను శ్రద్ధగా, ఇటు కొన్ని అటు కొన్ని, అందంగా ఉండేలా పెట్టాను. చూసి కాసేపు ఏమీ అనలేదు. నొప్పించకుండా ఎలా చెప్పాలా అని ఆలోచిస్తోందని తెలిసింది.

"పిన్నీ, ఈ గీత ఎక్కడ పడాలి?"

"ఎక్కడైనా పడచ్చుగా."

"ఆమెది ఎడమచేతి వాటం."

నాకు అర్థం కాలేదు. బుజ్జి లేచి నిలబడి, ఎడమ చేత్తో కత్తి పట్టినట్టు, కుడి చేత్తో డాలు పట్టినట్టు నిలుచుంది. "దెబ్బలు డాలు వైపు వస్తాయి. కుడి భుజం అంచు అంతా గీతలే ఉండాలి. కుడి ముంజేతి మీద డాలు పట్టీ రాసుకుని ఆ పట్టీ వెడల్పు మేర రంగే పోవాలి. ఎడమ చెయ్యి దాదాపు శుభ్రంగా ఉంటుంది, మణికట్టు లోపల మాత్రం కత్తి పిడి తగిలే చోట అరుగుతుంది. ఒర కుడి నడుముకి వేలాడుతుంది కాబట్టి కుడి తొడ మీద ఒకే చోట రాపిడి."

ఆమెది ఎడమచేతి వాటం అని గేమ్‌లో ఎక్కడ చెప్పారు అని అడిగాను. ఎక్కడా చెప్పలేదట. ఒకచోట గడియ వేసేటప్పుడు ఆ చేత్తో వేస్తుంది. రెండు సెకన్ల దృశ్యం. బుజ్జి దాన్ని ఆపి ఆపి చూసింది.

నేను ఇరవై రెండేళ్ళుగా నల్లబల్ల మీద "పాత్ర చిత్రణ" అని రాసి కింద గీత గీస్తున్నాను. పాత్ర ఏం మాట్లాడింది, ఏం చేసింది, ఇతరులు దాని గురించి ఏమన్నారు అని పిల్లల చేత మూడు పాయింట్లు రాయిస్తాను. ఒక పాత్ర చెప్పకుండా వదిలేసిన దాన్ని ఆమె కవచం మీది అరుగుదలలో చదవవచ్చని నాకెవరూ చెప్పలేదు. బుజ్జి చదివింది. దాన్ని చేత్తో తిరిగి రాస్తోంది. వేషం, అలంకరణలతో పాత్రని చూపడాన్ని నాటకం వాళ్ళు ఆహార్యం అంటారు, అది ఇదే కదా. ఆ మాటకి నిర్వచనం పరీక్షల్లో ఎన్నిసార్లు అడిగానో. ఇంత దగ్గరగా చూడటం మాత్రం అదే మొదలు.

నేను పెట్టిన గీతలన్నీ పూడ్చి, మళ్ళీ వెండి వేసి, మొదటి నుంచి చేశాం. ఈసారి ప్రతి గీతకీ ముందు అడిగాను. కొన్నింటికి అదే నన్ను అడిగింది. "గడియ ఎత్తేటప్పుడు వేళ్ళ మీద ఎక్కడ ఒత్తుకుంటుంది పిన్నీ?" అని. ఇద్దరం వెళ్ళి వీధి తలుపు గడియ పదిసార్లు వేసి తీసి చూశాం.

విగ్గు గురించి ఎక్కువ చెప్పను, అది నా చేతికి లొంగలేదు. నైలాన్ లాంటి దారాలతో చేసినది, వేడి ఎక్కువైతే ముడుచుకుపోతుంది, చిక్కులు కింద నుంచి పైకి తీసుకుంటూ రావాలి. అదంతా బుజ్జే చూసుకుంది.

లెన్సుల దగ్గర మాత్రం మేమిద్దరం గట్టిగానే తగువులాడుకున్నాం. ఆ పాత్రవి లేత బూడిద కళ్ళు. బుజ్జి తన స్నేహితురాలి రంగు లెన్సులు అడిగి తెచ్చుకుంది. ఒకరు పెట్టుకున్నవి. నేను డబ్బా చూసి వణికిపోయాను. కంటి మీద పెట్టే వస్తువు బట్ట కాదు, అరువు తెచ్చుకోవడానికి. ఒకరి కంటి వంపు ఇంకొకరికి ఉండదు. సరిపడని లెన్స్ నల్లగుడ్డు మీద గీరుతుంది, ఆ గీతలో క్రిములు చేరితే చూపే పోవచ్చు. ఆ డబ్బా తీసుకుని నేను అలమరలో పెట్టాను, అది ఏడ్చింది, రెండు పూటలు పని ఆగిపోయింది. తరువాత వెళ్ళి చెప్పాను. "లెన్సులు వద్దనడం లేదు, ఈ లెన్సులు వద్దంటున్నాను" అని. కంటి డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆవిడ కొలతలు తీసి, రాసిచ్చి, చేతులు సబ్బుతో కడిగి ఆరాకే తాకాలని, కుళాయి నీళ్ళు వాటికి తగలనివ్వకూడదని, పెట్టుకుని నిద్రపోకూడదని, మంట పుడితే ఆ క్షణమే తీసేయాలని చెప్పింది. బుజ్జి అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంది. అలవాటు కావడానికి ఇంట్లో రోజుకి గంట చొప్పున పెట్టుకుని తీసింది. ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను, ఏ పిల్ల విషయంలోనైనా.

ఇలా వేషాలు వేసేవాళ్ళంతా కలిసే సమావేశం ఒకటి ఉంది, ఆ రోజు నన్ను రమ్మంది. "హ్యాండ్లర్‌గా రా పిన్నీ" అంది. కవచం వేసుకున్నాక వంగలేరు, కూర్చోలేరు, తమ బూటు తాడు తాము కట్టుకోలేరు. అందుకని పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషిని అలా పిలుస్తారు. నా సంచిలో ఏం పెట్టుకోవాలో జాబితా ఇచ్చింది. సేఫ్టీ పిన్నులు, రెండు వైపులా అంటుకునే టేపు, సూదీ దారం, త్వరగా అంటుకునే జిగురు, తల పిన్నులు, లెన్సుల డబ్బా, పెదవుల రంగు చెదరకుండా నీళ్ళు తాగడానికి స్ట్రా. అన్నీ వాడాం, ఒక్కటీ మిగలలేదు.

లోపలికి వెళ్ళేముందు ఆయుధాల బల్ల. ఫోమ్ కత్తే అయినా చూపించాలి. లోహపు అంచు లేదని, లోపల ఉన్నది చెక్క కర్రేనని చూసి, పిడికి రంగు పట్టీ కట్టి పంపారు. ఎంత పద్ధతిగా ఉందో అనిపించింది. నేను ఊహించుకున్న గోల అక్కడ లేదు. రకరకాల వేషాల్లో వందల మంది, ఒకరి కుట్టు ఒకరు చూసుకుంటూ, ఒకరి వీపు జిప్పు ఒకరు సర్దుతూ ఉన్నారు. ఒక పెద్దాయన తన మనవడి రెక్కలు మోస్తూ వెనకాలే నడుస్తున్నాడు. ఆయనా నేనూ చూసుకుని నవ్వుకున్నాం.

గోడల మీద బోర్డులున్నాయి, వేషం వేసుకున్నారంటే తాకమని అర్థం కాదని, ఫోటోకి అడగాలని. 2014లో కామిక్స్ అభిమానులు పెద్దఎత్తున కలిసే న్యూయార్క్ కామిక్ కాన్‌లో ఇలాంటి బోర్డులు పెద్దగా పెట్టాక ఈ మాట చాలాచోట్లకి పాకింది. ఆ బోర్డు ఎంత అవసరమో అరగంటలోనే చూశాను. ఒకతను ఫోటోకని వచ్చి అడగకుండానే బుజ్జి భుజం మీద చెయ్యి వేశాడు. నేను అడుగు ముందుకి వేశాను. నాకంటే ముందే బుజ్జి పక్కకి జరిగి, "చెయ్యి వేయకండి. పక్కన నిలబడండి, తీసుకోవచ్చు" అంది. గొంతు పెంచలేదు, వివరించలేదు. అతను క్షమించమని పక్కన నిలబడ్డాడు. తిన్నావా అంటే తిన్నాను అనే పిల్ల గొంతే అది. నేను దాన్ని అంతవరకు అంత నిబ్బరంగా వినలేదు.

"నువ్వు నువ్వుగా ఉంటే ఏమైంది" అని ఒకప్పుడు అడిగాను కదా. ఆ రోజంతా దాని పక్కనే ఉండి చూశాను. ద్వారపాలిక కవచంలో ఉన్నది పూర్తిగా బుజ్జే. కొత్తవాళ్ళు వచ్చి ఆ భుజం ఎలా చేశావని అడిగితే జిగురు ఎంతసేపు ఆరనివ్వాలో, బ్లేడు ఎప్పుడు మార్చాలో అరగంట నిలబడి చెప్పింది. కాలేజీలో పక్క సీటు పిల్లతో మాట్లాడలేని పిల్ల పన్నెండుమంది మధ్య నిలబడి మాట్లాడింది. వాళ్ళందరికీ చెప్పడానికి దాని దగ్గర ఏదో ఉంది, వినాలని వాళ్ళకి ఉంది.

పనితనం పోటీలో న్యాయనిర్ణేతలు ముందే ఒక గదిలో పిలిచి చూస్తారు. చేసిన తీరు ఫోటోలతో బుజ్జి ఒక పుస్తకం తయారు చేసుకుంది. వాళ్ళలో ఒకావిడ పుస్తకం పక్కన పెట్టి, భుజం కవచాన్ని తీయించి, తిరగేసి లోపలివైపు చూసింది. అక్కడ నేను కుట్టిన నూలు అస్తరు ఉంది, చెమటకి ఫోమ్ చర్మానికి రాసుకోకుండా. ఆవిడ బొటనవేలితో ఆ కుట్టు పొడవునా తడిమి, "ఇది ఎవరు?" అంది. "మా పిన్ని" అంది బుజ్జి. తరువాత ఆవిడ కవచాన్ని ఈ వైపు తిప్పి కుడి అంచు గీతల మీద వేలు పెట్టి, "ఎడమచేతి వాటమా?" అని అడిగింది.

బుజ్జి తల ఊపింది. మాట రాలేదు దానికి. బహుమతి వేరేవాళ్ళకి వచ్చింది, అది సరైనదే, వాళ్ళ పని అంత గొప్పగా ఉంది. ఇంటికి వచ్చేటప్పుడు బహుమతి గురించి ఒక్క మాట లేదు, ఆ ప్రశ్న గురించే మాట్లాడింది.

నాకు సమ్మతం కాని విషయాలు ఇంకా ఉన్నాయి. సమావేశానికి ముందు మూడు రాత్రులు అది సరిగ్గా నిద్రపోలేదు, అది మంచిది కాదు. ఈ వస్తువుల ఖర్చు తన చేతి డబ్బుకి లోబడి ఉండాలని ఒప్పందం చేసుకున్నాం, పాత ఫోమ్ ముక్కలు మళ్ళీ వాడుతోంది. పరీక్షల నెలలో అట్టపెట్టె మంచం కిందే ఉండాలి. ఇవన్నీ మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నవే, గది తలుపు తెరిచే ఉంది కాబట్టి మాట్లాడుకోగలిగాం.

సెలవుల్లో అక్క వచ్చింది. నేను మాన్పించానేమో చూడటానికే అనుకుంటాను. బుజ్జి గదిలో గోడకి వేలాడుతున్న కవచం చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తీసి చేతిలోకి తీసుకుని, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయింది. వెండి మెరుపు మీద చెయ్యి పోనిచ్చింది. ఆ చెయ్యి కుడి భుజం అంచు దగ్గర ఆగింది.

"అయ్యో, ఇంత కష్టపడి చేసి ఇక్కడంతా గీతలు పడనిచ్చారేమే?"

నేను నోరు తెరవబోయాను. బుజ్జి నా చెయ్యి పట్టుకుని ఆపి, అమ్మ ఎదురుగా లేచి నిలబడి, ఎడమ చేత్తో కత్తి పట్టినట్టు, కుడి చేత్తో డాలు పట్టినట్టు నిలుచుంది.